నాలుగు టేబుళ్లు, ఒక లుక్మా

మరుపు లేని అల్లాహ్‌కు స్తోత్రం. మనిషికి మరుపునిచ్చి, మరిచిన చోట మాట అందించడానికి వెనక ఇంకో మనిషిని నిలబెట్టిన ప్రభువుకు స్తోత్రం. నా తప్పును నలుగురి కళ్ల నుంచి చాలాకాలం కప్పి ఉంచాడు. దాన్ని ఒప్పుకోవడానికి ఆ తర్వాత నోరు కూడా ఇచ్చాడు. అందుకు మరీ స్తోత్రం. ఆయన ప్రవక్త మీద శాంతి కలగాలి. ఈ నాలుగు మాటలు అనుకున్నాకే నా సంగతి రాయడానికి ధైర్యం వచ్చింది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా అమ్మ నన్ను మదనపల్లె నుంచి బస్సులో పుంగనూరు తీసుకొచ్చి ఉస్తాద్ దగ్గర, అంటే చదువు చెప్పే గురువు దగ్గర, వదిలిపెట్టింది. చిన్న మసీదు, దానికి ఆనుకుని రెండు గదుల మదరసా. తెల్లవారుజామున ఫజర్ నమాజు ముగిసే వేళకు పల్లెల నుంచి పాల క్యాన్లతో ఆటోలు వచ్చేవి. ఆ క్యాన్ల చప్పుడులోనే మేము ముందుకీ వెనక్కీ ఊగుతూ పాఠం వల్లించేవాళ్లం. పద్నాలుగో ఏడు నిండేసరికి దైవగ్రంథం మొత్తం నాకు కంఠస్థమైంది. అలా వచ్చినవాణ్ని హాఫిజ్ అంటారు.

అన్ని వందల పేజీలు ఎలా గుర్తుంటాయని బయటివాళ్లు అడుగుతుంటారు. నాకైతే మాటల కంటే ముందు చోటు గుర్తుంటుంది. ఈ వాక్యం కుడి పేజీ పైన రెండో వరసలో మొదలవుతుంది, ఆ వాక్యం ఎడమ పేజీ అడుగున ముగుస్తుంది. కళ్లు మూసుకుంటే పేజీ నాలుగు మూలలతో సహా ఎదురుగా నిలబడుతుంది. చూసి చదివినట్టే చదువుతాం. అయితే ఒక చిక్కుంది. గ్రంథంలో ఒకదాన్నొకటి పోలిన వాక్యాలు చాలా ఉన్నాయి. మొదలు ఒకటే, మధ్య ఒకటే, చివరికొచ్చేసరికి దారి వేరు. ఏమరుపాటుగా ఉంటే పలమనేరు పోవాల్సిన బస్సు చౌడేపల్లె రోడ్డెక్కినట్టు, మన నోరు ఒక అధ్యాయంలోంచి ఇంకో అధ్యాయంలోకి వెళ్లిపోతుంది. అలా వెళ్లినట్టు మనకు తెలియదు కూడా.

అందుకే రంజాను నెలలో, రాత్రిపూట జరిగే తరావీహ్ నమాజులో, ముందు నిలబడి నడిపించే ఇమాము గ్రంథమంతా రోజుకింత చొప్పున చూడకుండా చదివేటప్పుడు, ఆయన వెనక మొదటి వరసలో ఇంకో హాఫిజ్ నిలబడతాడు. ఇమాము ఆగినా, దారి తప్పినా, వెనకనుంచి సరైన మాట అందిస్తాడు. దాన్ని లుక్మా ఇవ్వడం అంటారు. లుక్మా అంటే అన్నం ముద్ద. నాకు ఇరవై ఏళ్లు నిండినప్పటి నుంచి కరోనా ఏడు తప్ప ప్రతి రంజానుకూ, ఇమాముగా ఉన్న మా ఉస్తాద్ వెనక నేనే నిలబడ్డాను. ఆయనకు చూపు మందగిస్తూ వచ్చి, ఇప్పుడు వెలుతురూ నీడా తప్ప ఏమీ కనపడదు. గ్రంథం తెరిచి సరిచూసుకునే వీలు లేదు. గుండెలో ఉన్నదే ఆయనకు గ్రంథం. ఒకసారి నాతో అన్నారు (మేమిద్దరం మాట్లాడుకునేది సగం దక్ఖిని ఉర్దూ, సగం పుంగనూరు తెలుగు, ఇక్కడ తెలుగులోనే రాస్తాను):

"ముద్ద పెట్టేవాని చెయ్యి శుభ్రంగా ఉండల్లప్పా. తినేవోడు కండ్లు మూసుకొని నోరు తెరస్తాడు."

కరోనా వచ్చిన ఏడు మసీదులు మూశారు. నేను మదనపల్లెలో అమ్మతో ఉంటూ ఒక కంప్యూటర్ల దుకాణంలో పనిచేస్తున్నాను. దుకాణమూ మూతపడింది. నమాజులో మా భుజానికి పక్కవాడి భుజం తగలాలి, మడమకు మడమ సమంగా ఉండాలి. చిన్నప్పటి నుంచి రోజుకు ఐదుసార్లు అలా నిలబడ్డవాణ్ని. ఇంట్లో గోడవైపు తిరిగి ఒంటరిగా నిలబడితే రెండు భుజాల పక్కనా ఖాళీ. ఆ ఖాళీని ఎవరికైనా చెప్పుకుని ఉంటే బాగుండేది. నేను ల్యాప్‌టాప్ తెరిచి, డబ్బు పెట్టి ఆడే పోకర్ పేకాటలో చేరాను.

పోకర్ తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. ఒక టేబుల్ చుట్టూ ఆరుగురు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు. నచ్చకపోతే పడేసి, మళ్లీ పంచేదాకా ఊరికే కూర్చోవాలి. ఎక్కువసార్లు పడేయడమే ఉంటుంది. ఆ ఊరికే కూర్చునే సమయం నాకు భరించరానిదిగా ఉండేది. అందులో ఇల్లు వినపడేది, ఫ్యాను వినపడేది. అందుకని రెండో టేబుల్ తెరిచాను. తర్వాత మూడోది, నాలుగోది. తెర నాలుగు మూలల్లో నాలుగు టేబుళ్లు. ఇక ఖాళీ లేదు. ఒకచోట ముక్కలు పడేసేలోపు ఇంకోచోట నా వంతు వచ్చి గంట మోగేది. నన్ను తీసేస్తే ఇరవైమంది మనుషులు. అందరికీ మారుపేర్లు, పులి బొమ్మలు, కారు బొమ్మలు. ఏ ఒక్కరి ముఖమూ తెలియదు. ఎవడు తొందరపడతాడు, ఎవడు కాచుకుని కూర్చుంటాడు అన్నది మాత్రం నాకు గుర్తుండేది. ఎలా గుర్తుండేదో అప్పుడు ఆలోచించలేదు. పై కుడి మూల, కింది ఎడమ మూల అని, చోటును బట్టే గుర్తుపెట్టుకున్నాను. ఉస్తాద్ నాకు నేర్పిన పద్ధతే అది.

గెలిచానా, ఓడానా అన్న లెక్క ఇక్కడ రాయను. మా ధర్మంలో జూదం హరామ్, అంటే నిషిద్ధం, గెలుపైనా హరామే. ఆ సంగతి నేను పిల్లలకు పాఠం చెప్పగలను. తెలియక చేశానని అనుకోకండి.

కొన్ని నెలలకు మన రాష్ట్రంలో ఆ ఆటలు నిషేధించారు. యాప్ తెరిస్తే, మనం ఎక్కడున్నామో చూసి, మీ ప్రాంతంలో ఆడలేరని చెప్పేది. నేను సంతోషించి ఉండాల్సింది. బదులుగా ఏడాదిన్నర తర్వాత కుప్పంలో గ్రానైట్ ఫ్యాక్టరీలో ఉద్యోగం చూసుకున్నాను. పలకలకు నంబర్లు వేయడం, లోడింగ్ రాయడం. జీతం బాగుందని అమ్మకు చెప్పాను. జీతం ఇంచుమించు అంతే. కర్ణాటక పది పన్నెండు మైళ్లలో ఉందన్నదే నా లెక్క. అక్కడ ఆడొచ్చు.

కుప్పంలో ఒక గది. ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు. పొద్దున్నే బండి మీద పొలిమేర దాటి, కన్నడ బోర్డు కనపడిన తర్వాత రోడ్డు పక్కనున్న టీ అంగడి దగ్గర ఆగేవాణ్ని. రేకుల కింద రెండు బెంచీలు. ల్యాప్‌టాప్ తెరిచి, ఫోను నుంచి నెట్ పెట్టుకుంటే నాలుగు టేబుళ్లూ వెలిగేవి. అంగడి నడిపే అమ్మ తెలుగూ కన్నడం కలిపి మాట్లాడేది.

"ఏమప్పా, మీ కుప్పంలో కరెంటు లేదా? ఈడికొచ్చి ఆఫీసు పెట్టినావు."

"ఈడ సిగ్నల్ బాగుండాదమ్మా."

"ఆయప్ప గూడా అదే చెప్పినాడు," అని రెండో బెంచీ వైపు చెయ్యి చూపింది. "ఇద్దరిదీ ఒగే కంపెనీనా?"

రెండో బెంచీ మీద నా వయసువాడే ఒకడు ఫోను మీదకు వంగి ఉన్నాడు. ప్రతి ఆదివారం వచ్చేవాడు. నా మూడో టేబుల్‌లో కారు బొమ్మవాడు ముక్కలు పడేసిన క్షణానే అతను ఫోను తొడమీద పెట్టి టీ గ్లాసు అందుకున్నాడొకసారి. అతనే ఇతనేమో అనుకున్నాను. అడగలేదు. మూడేళ్లు ఒకే రేకుల కింద కూర్చున్నాం, అతని పేరు నాకు తెలియదు.

"యాల ఇద్దరూ మాట్లాడుకోరు? కొట్లాడుకున్నారా?" అని అమ్మ నవ్వేది.

మధ్యాహ్నపు జొహర్ వేళ, సాయంత్రపు అసర్ వేళ అక్కడే దాటిపోయేవి. గదికొచ్చి, తప్పిపోయిన నమాజులు ఒంటరిగా చదివేవాణ్ని. హాఫిజ్ అయినవాడు రోజూ కొంత భాగం తిరగేసుకోవాలి. లేకపోతే పలుపు వదులైన ఆవులా గ్రంథం ఎటో వెళ్లిపోతుంది. నేను మొదట రోజు మార్చి రోజు తిరగేశాను, తర్వాత వారానికోసారి, ఆ తర్వాత రంజాను దగ్గరపడ్డప్పుడే. కళ్లు మూసుకుంటే అప్పటికీ నాలుగు మూలలు కనపడేవి. మూలల్లో వరసలు మాత్రం మసక.

అలా పోయిన ఏడు రంజాను వచ్చింది. నెల రోజులు సెలవు పెట్టి ఎప్పటిలాగే పుంగనూరు వెళ్లాను. ఉస్తాద్ ఇంట్లోనే మకాం. తొమ్మిదో రోజు తరావీహ్. మసీదు నిండుగా ఉంది. నా కుడివైపు మసీదు కమిటీ పెద్దాయన, పాత బస్టాండు దగ్గర పరుపుల అంగడి ఆయనది. ఉస్తాద్ గొంతు ఎప్పటిలా నిదానంగా, ఒక్కో మాటా కడిగి పెట్టినట్టు సాగుతోంది. రెండు చోట్ల ఒకేలా ఉండే వాక్యం ఒకటి వచ్చింది. ఆయన దాని చివరికొచ్చి ఒక దారి పట్టారు. నా లోపల ఏదో గంట మోగినట్టయింది. కింది ఎడమ మూల, కాదు, పై కుడి మూల అనుకున్నాను. నా వంతు వచ్చినప్పుడు ఆలోచించకుండా నొక్కే అలవాటు వేళ్లకు ఉంది. అదే అలవాటు నోటికొచ్చింది. వెనకనుంచి నేను రెండో దారి మాటలు గట్టిగా అందించాను.

ఉస్తాద్ ఆగారు. ఒక్క ఊపిరి పాటు. తర్వాత నేనిచ్చిన ముద్ద తీసుకుని, నేను చూపిన దారినే వెళ్లారు. నాలుగైదు వాక్యాలు పోయాక తాను ఇంకో అధ్యాయంలో ఉన్నానని ఆయనకు తెలిసింది. గొంతు తడబడింది. వెనక్కి వచ్చే దారి దొరకలేదు. నేను ఆయన వెనక నిలబడ్డ పదిహేడేళ్లలో మొదటిసారి, చదువుతున్న వాక్యాన్ని సగంలో వదిలి, నడుం వంచే రుకూకు వెళ్లారు. వెనక వరసల్లో ఎవరో దగ్గారు.

నమాజు ముగింపు సలాం అయ్యాక కమిటీ పెద్దాయన నా చెవి దగ్గరికి వంగి, "హజ్రత్‌కు వయసైపోయింది కదప్పా," అన్నాడు. ఊళ్లో ఉస్తాద్‌ను హజ్రత్ అనే పిలుస్తారు. నేను తల ఊపాను.

మర్నాడు పొద్దున ఉస్తాద్ మంచం మీద కూర్చుని నన్ను పిలిచారు.

"గ్రంథం తెరిసి సూడప్పా. రాత్రి నేను యాడ తప్పిపోయినానో."

తెరిచాను. పేజీ వెతుక్కోవడానికే చాలాసేపు పట్టింది, అదే నాకు మొదటి సిగ్గు. వాక్యం కనపడింది. ఆయన పట్టిన దారే సరైనది. తప్పు నాది. ఎదురుగా నల్లటి అక్షరాల్లో ఉంది. ఆయన చూపులేని కళ్లను నావైపు పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. 'తప్పు నాది' అంటే 'నీకెట్లా తప్పిందప్పా' అని అడుగుతారు. అక్కడి నుంచి రేకుల అంగడి దాకా రావాల్సి వస్తుంది.

"ఈడే ఉస్తాద్," అన్నాను. "రెండూ ఒకే తీరుగా ఉంటాయి కదా. మీరు అటు పోయినారు."

గ్రంథం నా చేతుల్లో ఉండగా ఆ మాట అన్నాను.

ఆయన నవ్వారు. "నాకైతే గట్టిగా నమ్మకం ఉండింది, నేను పోతాండే దావే సరైందని. సూడు, మనసు ఎట్లా మోసం చేస్తాదో. నువ్వుండావు కాబట్టి సరిపోయింది."

మిగిలిన రోజులన్నీ ఆయన ప్రతి పోలిక దగ్గరా ఆగేవారు. ముద్ద కోసం కాచుకునేవారు. ఆ రోజుల్లో నేను పగలంతా గ్రంథం ముందు కూర్చుని ఆ రాత్రి భాగం వల్లించుకున్నాను, ఇంకో తప్పు దొర్లలేదు. కానీ ఆయన తనంతట తాను నడిచిన దారి ఒక్కటీ లేదు. పండుగ రోజు కమిటీ పెద్దాయనతో, వచ్చే రంజానుకు వేరే హాఫిజ్‌ను చూసుకోమని చెప్పేశారు. నేను పక్కనే ఉన్నాను. సేమ్యా గిన్నె చేతిలో ఉంది.

కుప్పం తిరిగి వచ్చి మళ్లీ టేబుళ్లు తెరిచాను. అది కూడా దాచను.

ఆగస్టులో దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆటలు నిషేధించారు. ఆ ఆదివారం రేకుల కింద ల్యాప్‌టాప్ తెరిస్తే నాలుగు మూలల్లో ఏమీ లేదు. ఆటలు ఆపేశామన్న ఒక నోటీసు. రెండో బెంచీ ఖాళీగా ఉంది.

"ఏమప్పా, మీ కంపెనీ ఎత్తేసినారా?" అంది అంగడి అమ్మ.

"ఎత్తేసినారమ్మా."

"ఆయప్ప నిన్ననే వచ్చి చెప్పిపోయినాడు, ఇంగ రానని. నిన్ను అడిగినట్టు చెప్పమన్నాడు."

మూడేళ్లలో ఇరవైమంది చొప్పున ఎంతమందితో కూర్చున్నానో. అందరూ ఒక్క రోజులో వెళ్లిపోయారు. చెప్పి వెళ్లింది అతనొక్కడే. టీ తాగుతూ, ఊరికే, నోటికొచ్చిన భాగం మొదలుపెట్టాను. రెండు పేజీలు దాటలేదు. దారి పోయింది. వెనక ఎవరూ లేరు.

ఆ తర్వాతి ఆదివారం పుంగనూరు బస్సెక్కాను. ఉస్తాద్ వసారాలో తస్బీ, అదే జపమాల, తిప్పుకుంటూ ఉన్నారు. నేను నేల మీద కూర్చుని అంతా చెప్పాను. కరోనా నుంచి మొదలుపెట్టి, గ్రంథం చేతిలో పట్టుకుని ఆడిన అబద్ధం దాకా. 

"ఎన్ని టేబుల్లన్నావు?"

"నాలుగు, ఉస్తాద్."

"ఒగేసారా?"

"ఒగేసారి."

"నమాజులో నాలుగు రకాతులు కుదురుగా నిలబడలేనోనివి చిన్నప్పుడు. నాలుగు ఆటలు ఎట్లాడినావప్పా?"

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆయన మాత్రం నవ్వలేదు. తస్బీ ఆపారు.

"ఇది నిజమా? లేకుంటే ముసిలోని మనసు నిలబెట్టల్లని చెప్తాండావా?"

 గ్రంథం తెచ్చి చూపిద్దామంటే ఆయనకు చూపు లేదు. చదివి వినిపిద్దామంటే, అదే పేజీ చూసి అబద్ధం చెప్పిన నోరు నాది.

"ఇంకెవరినైనా పిలిచి చదివిస్తాను ఉస్తాద్."

"వద్దు. యాల పిలిచినారని అడుగుతారు. నీ సంగతి బయటపడతాది. అల్లాహ్ కప్పినదాన్ని నువ్వు యాల విప్పుతావు?"

"మీ పేరు పోయింది కదా."

"పేరు పోలేదప్పా. ధైర్యం పోయింది. అది ఇంగొకరు తెచ్చి ఇచ్చేది కాదు." నావైపు వంగి, "వచ్చే ఆదివారం రా. మొదటి పేజీ నుంచి. నువ్వు సదువు, నేను వింటా. ఆమీట నేను సదువుతా, నువ్వు విను," అన్నారు.

ఆయన వద్దన్నా నేను కమిటీ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆట సంగతి చెప్పలేదు. ఆ రోజు తప్పు లుక్మా ఇచ్చింది నేనేనని మాత్రం చెప్పాను. ఆయన పరుపు కుడుతున్న దబ్బనం పక్కన పెట్టి నన్ను చూశాడు.

"హజ్రత్ చెప్పమన్నాడా?"

"లేదు. నిజం."

"మంచి శిష్యుడివప్పా," అని నా భుజం తట్టాడు. "గురువు పరువు కోసం నీ మీద వేసుకుంటాండావు. ఈ కాలంలో యాడుండారు ఇట్లాంటోళ్లు."

అబద్ధం ఒక్క మాటతో నమ్మారు. నిజానికి మెచ్చుకోలు దొరికింది. ఆ రోజు కుప్పం బస్సులో కూర్చున్నప్పుడు ఉన్నంత ఒంటరితనం నాకు ఖాళీ మసీదుల రోజుల్లో కూడా లేదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం కుప్పం నుంచి పలమనేరు మీదుగా పుంగనూరు వెళ్తున్నాను. గ్రంథం ముప్పై భాగాలు, వారానికి సగం భాగం సాగేది. తొమ్మిదేళ్ల పిల్లవాడికి పడ్డ తిట్లన్నీ మళ్లీ పడ్డాయి. మా ఇద్దరికీ ఆ పేజీ గురించి తెలుసు. దాని మాట ఎవరమూ ఎత్తలేదు. అక్కడికి చేరేసరికి నాలుగు నెలలు దాటింది.

మొన్నటి ఆదివారం చేరాం. నేను చదివాను, సరిగ్గా వెళ్లాను. ఆయన "ఇంగోసారి" అన్నారు. మళ్లీ చదివాను. తర్వాత ఆయన వంతు. కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. పోలిక ఉన్న వాక్యం వచ్చింది. దాని చివర, దారి చీలే చోట, ఆగారు. నోరు కొంచెం తెరిచే ఉంది. ముద్ద కోసం కాచుకుంటున్నారని నాకు తెలుసు. సరైన మాట నా నాలుక మీద ఉంది. నేను రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, పళ్లు బిగపట్టి, ఊరుకున్నాను. బయట ఆటో ఒకటి పోయింది. దాని చప్పుడు సన్నగిల్లేదాకా ఆయన అలాగే ఉన్నారు.

తర్వాత వెళ్లారు. తన దారినే, ఆ రాత్రి నేను ఆపిన దారినే. పేజీ చివరిదాకా ఆగలేదు.

"నువ్వేమీ అనలేదే?" అన్నారు.

"అనేదానికి ఏముంది ఉస్తాద్? మీరు సరిగ్గానే పోయినారు."

ఆయన తస్బీ అందుకున్నారు. నమ్మారో లేదో నాకు తెలియదు. నేను బయలుదేరేటప్పుడు మాత్రం, కొత్త హాఫిజ్‌కు కమిటీవాళ్లు మాట ఇచ్చేశారా అని అడిగారు. ఇంకా ఇవ్వలేదన్నాను.

రంజాను నెలవంక కనపడటానికి ఇక ఎక్కువ రోజులు లేవు. చదివే అన్నలారా, అక్కలారా, మీరు ఏ మతంవారైనా సరే, ఒక్క నిమిషం నాతో కలిసి అడగండి. ఓ ప్రభూ, ఆ పెద్దాయనకు నేను పోగొట్టిన ధైర్యాన్ని నువ్వు తిరిగి ఇవ్వు. ఈ రంజానుకు ఆయన ఇమాముగా ముందు వరసకు వచ్చి నిలబడేలా చెయ్యి. వెనక నాకు చోటు దొరికితే, మాట్లాడాల్సిన చోట మాటనూ, ఊరుకోవాల్సిన చోట మౌనాన్నీ నాకివ్వు. పేరు చెప్పకుండా వెళ్లిపోయిన ఆ రెండో బెంచీ మనిషి ఎక్కడున్నా, అతని పక్కన ఒక భుజం ఉండేలా చూడు. మీరు కూడా ఆమీన్ అనండి.